పెనాల్టీ షూటౌట్ క్యాసినో గేమ్: బెట్ పెట్టే ముందు తరచుగా అడిగే ప్రశ్నలు

ఫుట్‌బాల్ చూసే అలవాటు ఉన్నవాళ్లకి ఈ గేమ్ కనబడితే చెయ్యి ఆగదు. ఎదురుగా గోల్, మధ్యలో కీపర్, మన ముందు బంతి. నేర్చుకోవాల్సిన రూల్స్ ఏమీ ఉండవు. ఒక రాత్రి మా తమ్ముడు ఈ గేమ్ ఆడుతుంటే పక్కన కూర్చుని రెండు గంటలు చూశాను. అప్పుడు నాకు వచ్చిన సందేహాలు, తర్వాత స్నేహితులు అడిగినవి కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఆడాలా వద్దా అన్నది మీ ఇష్టం. కానీ లోపల ఏం జరుగుతుందో తెలియకుండా మాత్రం ఒక్క కిక్ కూడా కొట్టకండి.

అసలు ఈ గేమ్ ఎలా ఆడతారు?

ముందు బెట్ ఎంతో పెడతారు. చాలా గేమ్‌లలో ఏదో ఒక దేశం జట్టును ఎంచుకోమంటుంది, అది అలంకారం మాత్రమే. గోల్‌లో నాలుగైదు చోట్ల గుండ్రటి గుర్తులు ఉంటాయి: పై మూలలు, కింది మూలలు, మధ్య. ఒకదాన్ని నొక్కితే మన ఆటగాడు అక్కడికి కొడతాడు. గోల్ అయితే మన బెట్ ఒక మల్టిప్లయర్‌తో, అంటే ఇన్ని రెట్లు అని చెప్పే అంకెతో, పెరుగుతుంది. అప్పుడు రెండు దారులు: వచ్చింది తీసుకుని క్యాష్‌అవుట్ చెయ్యడం, లేదా దాన్నంతా పణంగా పెట్టి ఇంకో కిక్ కొట్టడం. కీపర్ పట్టుకుంటే అప్పటిదాకా పెరిగిందంతా, పెట్టిన బెట్‌తో సహా, పోతుంది. మామూలుగా ఐదు కిక్కులతో ఒక రౌండ్ ముగుస్తుంది.

ఏ మూలకి కొడితే గోల్ ఎక్కువ పడుతుంది?

అందరూ మొదట అడిగేది ఇదే. ఏ మూలకి కొట్టినా ఒకటే.

మీరు గుర్తును నొక్కగానే గేమ్ సర్వర్ ఒక రాండమ్ నంబర్ తీస్తుంది. ఉదాహరణకి ఆ గేమ్‌లో గోల్ అవకాశం సగానికి సగం అనుకోండి. నంబర్ ఒక సగంలో పడితే గోల్, రెండో సగంలో పడితే సేవ్ (కీపర్ ఆపినట్టు). ఫలితం అక్కడే తేలిపోయింది. కీపర్ దూకడం, బంతి తిరుగుతూ వెళ్లడం, వల కదలడం, ఇవన్నీ ఆ ఫలితాన్ని మనకి చూపించడానికి వేసే బొమ్మలు. గుడ్డికన్ను మూస్తేనేమి, తెరిస్తేనేమి అన్నట్టు, మీరు పై మూల ఎంచుకున్నా కింది మూల ఎంచుకున్నా లోపలి లెక్క మారదు. కొన్ని గేమ్‌లలో ఒక్కో చోటికి ఒక్కో మల్టిప్లయర్ ఉంటుంది. అక్కడ కూడా ఎక్కువ ఇచ్చే చోట గోల్ పడే అవకాశం ఆ మేరకు తగ్గించి ఉంటుంది.

అయినా మనమే ఎంచుకున్నాం కాబట్టి మన నైపుణ్యం ఉందనిపిస్తుంది. ఎలెన్ లాంగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1975లోనే దీనికి నియంత్రణ భ్రమ అని పేరు పెట్టారు. లాటరీ టికెట్ ఎవరో చేతిలో పెట్టినదాని కంటే తామే ఏరుకున్నదానికి జనం ఎక్కువ విలువ కట్టడం ఆమె గమనించారు. గోల్‌లో ఆ గుర్తులు పెట్టింది ఈ భ్రమ కోసమే అని నా అభిప్రాయం. ఒకే ఒక బటన్ పెట్టినా గేమ్ అచ్చంగా ఇలాగే నడుస్తుంది, కానీ అంతసేపు ఎవరూ కూర్చోరు.

కీపర్ వరసగా ఐదుసార్లు ఎడమకే దూకాడు. ఇప్పుడు కుడికే దూకుతాడు కదా?

అలా ఏమీ లేదు. గేమ్‌కి గతం గుర్తుండదు. 1913 ఆగస్టు 18న మాంటే కార్లో క్యాసినోలో రూలెట్ (ఎరుపు, నలుపు గళ్లుండే చక్రం) బంతి వరసగా 26 సార్లు నలుపు మీదే పడింది. ఇక ఎరుపు రాక తప్పదని ప్రతిసారీ ఇంకా ఎక్కువ పెట్టుకుంటూ పోయినవాళ్లు లక్షల ఫ్రాంకులు పోగొట్టుకున్నారు. స్క్రీన్ మీద కనబడే పాత ఫలితాల పట్టిక కూడా ఇదే పని చేస్తుంది: లేని వరసని మన కళ్లకి చూపిస్తుంది. దాన్ని చూడటం మానేయండి.

నాకు ఫుట్‌బాల్ బాగా తెలుసు. అది పనికి రాదా?

పనికి రాదు. పైగా నష్టం చేస్తుంది.

నిజమైన పెనాల్టీలో బంతికి, గోల్ లైన్‌కి మధ్య దూరం సుమారు 11 మీటర్లు. గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. గంటకి 100 కిలోమీటర్ల వేగంతో కొట్టిన బంతి అర సెకను కూడా కాకుండానే గీత దాటుతుంది. కాబట్టి కీపర్ చాలాసార్లు ముందే ఒక పక్కకి తేల్చుకుని దూకాల్సిందే. ఇగ్నాసియో పలాసియోస్ హ్యుర్టా అనే ఆర్థికవేత్త 2003లో 1,400కి పైగా ప్రొఫెషనల్ పెనాల్టీలను పరిశీలించి ఒక అధ్యయనం ప్రచురించారు. వాటిలో దాదాపు 80 శాతం గోల్ అయ్యాయి. అంటే టీవీలో పెనాల్టీ చూసి చూసి, పెనాల్టీ అంటే గోల్ అన్న నమ్మకం మనలో పాతుకుపోయింది. 1976 యూరో ఫైనల్లో చెకోస్లొవేకియా ఆటగాడు పనెంకా మధ్యలోకి మెల్లగా లేపిన బంతి మన కళ్ల ముందు ఉంటుంది.

ఆ నమ్మకాన్నే ఇక్కడికి మోసుకొస్తాం. కానీ ఈ గేమ్‌లో ఎక్కువగా కనబడే లెక్కలో ఒక్కో కిక్ గోల్ అయ్యే అవకాశం 50 శాతమే. నాణెం ఎగరేసినట్టు. మైదానం మీద తెలిసిన 80కి, స్క్రీన్ మీద ఉన్న 50కి మధ్య తేడా మన జేబులోంచి పోతుంది.

ఆర్‌టీపీ 96 శాతం అంటే 100 పెడితే 96 తిరిగి వస్తుందా?

లేదు. ఆర్‌టీపీ అంటే రిటర్న్ టు ప్లేయర్, ఆటగాళ్లకి తిరిగి వచ్చే వాటా. లక్షల రౌండ్లలో, ఆడినవాళ్లందరూ పెట్టిన మొత్తంలో, సగటున 96 శాతం తిరిగి వెళ్తుందని అర్థం. మీ ఒక్కరి ఈ రాత్రికి అది ఏ హామీ ఇవ్వదు. పెట్టింది మొత్తం పోవచ్చు, పది రెట్లు రావచ్చు.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. ఆ 4 శాతం కోత మీరు డిపాజిట్ చేసిన దాని మీద కాదు, పెట్టిన ప్రతి బెట్ మీద. ఒక రౌండ్ 20 సెకన్లలో అయిపోతుందనుకుందాం. గంటకి 180 రౌండ్లు. ఒక్కోదానికి 100 పెడితే గంటలో తిప్పింది 18,000. అందులో 4 శాతం అంటే 720. మీరు మొదట వేసింది 1,000 అయినా సరే, అదే డబ్బు లోపల తిరిగి తిరిగి, సగటున గంటకి 720 చొప్పున కరుగుతుంది. ఇలాంటి గేమ్‌లలో అసలు ప్రమాదం వేగమే. వారానికి ఒకసారి కొనే లాటరీ టికెట్ ఆర్‌టీపీ ఇంతకంటే చాలా తక్కువ ఉన్నా, గంటలో ఇంత లాగలేదు.

ఎన్నో కిక్ దగ్గర క్యాష్‌అవుట్ చెయ్యడం మంచిది?

కాగితం, పెన్ను తీసుకుని ఒకసారి లెక్క వేద్దాం. గోల్ అవకాశం సగం, ఆర్‌టీపీ 96 శాతం ఉన్న గేమ్‌లో మల్టిప్లయర్లు ఇలా ఉంటాయి: 1.92, 3.84, 7.68, 15.36, 30.72. ప్రతి మెట్టుకీ రెట్టింపు.

32 రౌండ్లు, ఒక్కోదానికి 100 పెట్టారనుకోండి. మొత్తం 3,200. ప్రతిసారీ మొదటి గోల్ తర్వాత ఆగిపోతే, సగటున 16 సార్లు గెలుస్తారు. ఒక్కోసారి 192 వస్తుంది, మొత్తం 3,072. ప్రతిసారీ ఐదో గోల్ దాకా వెళ్తే, సగటున 32లో ఒక్కసారే చేరతారు. అప్పుడు వచ్చేది 3,072. ఎటు చూసినా నష్టం 128. ఎక్కడ ఆగినా సగటు మారదు, ఊగిసలాట మాత్రమే మారుతుంది. ముందే ఆగితే డబ్బు నెమ్మదిగా తగ్గుతుంది. చివరిదాకా వెళ్తే చాలాసేపు ఏమీ రాదు, ఎప్పుడో ఒకసారి పెద్దది తగులుతుంది, ఆ ఒక్కటే ఏళ్ల తరబడి గుర్తుంటుంది.

ఇక్కడ ఒక్కటి చూసుకోండి. కొన్ని గేమ్‌లలో రెండో మల్టిప్లయర్ మొదటిదానికి సరిగ్గా రెట్టింపు ఉండదు. 1.92 తర్వాత 3.84 బదులు 3.69 దగ్గర ఉందంటే, ప్రతి కిక్కుకీ విడిగా 4 శాతం కోస్తున్నారని అర్థం. అలాంటి గేమ్‌లో ఐదు కిక్కులూ కొడితే తిరిగి వచ్చే సగటు 81.5 శాతానికి పడిపోతుంది. బెట్ పెట్టకముందే పట్టిక తెరిచి, రెండో మల్టిప్లయర్‌ని మొదటిదానితో భాగించి 2 వస్తుందా అని చూస్తే చాలు.

మైదానం గళ్లలో బాంబులు ఉండే గేమ్ వేరా?

పైకి వేరు, లోపల ఒకటే. అందులో ఒక్కో వరసలో ఒక గడి ఎంచుకుని బంతిని ముందుకు పంపాలి, బాంబున్న గడి తగిలితే బెట్ పోతుంది. ఒక్కో వరసలో నాలుగు గళ్లు, వాటిలో ఒక బాంబు అనుకోండి. బంతిని ముందుకు పాస్ చేసే అవకాశం నాలుగింట మూడు. కాబట్టి మల్టిప్లయర్ చిన్నది: 1.28, తర్వాత దాదాపు 1.70, తర్వాత 2.27. తరచుగా గెలిచినట్టు అనిపిస్తుంది, అందుకే ఎక్కువసేపు ఆడతాం.

ఓడిన ప్రతిసారీ బెట్ డబుల్ చేస్తే చివరికి లాభమే కదా?

ఈ గేమ్‌లో అది అసలే కుదరదు. చాలామంది 2 రెట్లు వస్తుందనుకుని లెక్క వేస్తారు, వచ్చేది 1.92 రెట్లు. 100తో మొదలుపెట్టి డబుల్ చేస్తూ మొదటి గోల్ దగ్గర ఆగుదామనుకోండి. రెండోసారి గెలిస్తే పెట్టింది 300, వచ్చింది 384. మూడోసారి గెలిస్తే పెట్టింది 700, వచ్చింది 768. నాలుగోసారి పెట్టింది 1,500, వచ్చింది 1,536. ఐదోసారి పెట్టింది 3,100, వచ్చింది 3,072. గెలిచి కూడా 28 నష్టం. వరసగా నాలుగు ఓడటం అరుదేమీ కాదు, సగటున ప్రతి 16 ప్రయత్నాల్లో ఒకసారి జరుగుతుంది. ఆ తర్వాత మీరు వేలల్లో బెట్ పెట్టి, గెలిచి కూడా నష్టపోతుంటారు.

కీపర్ వేళ్లకి తగిలి బయటికి పోయింది. ఇంకాస్తలో గోల్ అయ్యేది కదా?

మా తమ్ముడు ఆ రాత్రి ఎక్కువసార్లు అన్న మాట ఇదే. "అన్నా, చూశావా, వేలు తగిలింది. ఇంకొక్కటే." బంతి కీపర్ గ్లవ్ అంచుని తాకి, పోల్ పక్కనుంచి మెల్లగా బయటికి వెళ్లింది. వాడి బొటనవేలు అప్పటికే మళ్లీ బెట్ బటన్ మీద ఉంది. స్క్రీన్ మీద బంతి ఇంకా ఆగలేదు.

అక్కడ దగ్గర, దూరం అనేవి లేవు. నంబర్ సేవ్ వైపు పడింది, అంతే. ఆ సేవ్‌ని కీపర్ రెండు చేతులతో పట్టుకున్నట్టు చూపించవచ్చు, వేలికి తగిలినట్టూ చూపించవచ్చు. రెండో రకం చూస్తే మనకి నోటిదాకా వచ్చిన ముద్ద జారిపోయినట్టు ఉంటుంది, మళ్లీ అందుకోవాలనిపిస్తుంది. 2009లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు స్లాట్ మెషిన్ ఆడుతున్నవాళ్ల మెదడును స్కాన్ చేస్తే, కొద్దిలో తప్పిన ఓటమికి కూడా గెలుపుకి స్పందించే భాగాలు స్పందించాయి. ఓడిపోయాం, కానీ మెదడు సగం గెలిచినట్టు లెక్క వేసుకుంది.

గేమ్‌లో మోసం లేదని ఎలా తెలుసుకోవాలి?

మూడు చూడాలి. మొదటిది లైసెన్స్. మాల్టా గేమింగ్ అథారిటీ, బ్రిటన్ గ్యాంబ్లింగ్ కమిషన్ లాంటి సంస్థల పేరు సైట్ అడుగున రాసి ఉంటే సరిపోదు, ఆ సంస్థ సొంత వెబ్‌సైట్‌లోకి వెళ్లి లైసెన్స్ నంబర్ కొట్టి చూడాలి. లోగో ఎవరైనా అతికించుకోవచ్చు. రెండోది, రాండమ్ నంబర్ పద్ధతిని ఈకోగ్రా, ఐటెక్ ల్యాబ్స్, జీఎల్ఐ లాంటి స్వతంత్ర ల్యాబ్ పరీక్షించిందా లేదా.

మూడోది, కొన్ని గేమ్‌లలో ఉండే ప్రూవబ్లీ ఫెయిర్ సదుపాయం, అంటే ఫలితం మార్చలేదని మనమే సరిచూసుకునే వీలు. రౌండ్‌కి ముందే సర్వర్ తన రహస్య సీడ్‌కి (ఫలితాన్ని లెక్కగట్టే మూల కోడ్) హ్యాష్, అంటే దాని వేలిముద్ర లాంటి కోడ్, చూపిస్తుంది. ఎస్‌హెచ్‌ఏ-256 అయితే అది 64 అక్షరాల పొడుగు కోడ్. దాన్ని కాపీ చేసి పెట్టుకోండి. మీ వైపు నుంచి కూడా ఒక సీడ్ కలుస్తుంది. తర్వాత సర్వర్ సీడ్ మార్చినప్పుడు పాతది బయటపెడుతుంది. దాన్ని ఏదైనా హ్యాష్ కాలిక్యులేటర్‌లో వేస్తే మొదట ఇచ్చిన కోడే రావాలి. వస్తే, సీడ్ మధ్యలో మార్చలేదని తేలినట్టు. ఆ రెండు సీడ్లతో లెక్కగట్టిన ఫలితం కూడా సరిపోతే, మీరు కిక్ కొట్టాక ఫలితం మార్చలేదని రుజువైనట్టు. అయితే అది రుజువు చేసేది అంతవరకే. కోత ఎప్పటిలాగే ఉంటుంది. నిజాయితీగా నడిచే గేమ్‌లో కూడా ఆడినకొద్దీ సగటున పోగొట్టుకుంటాం.

డెమోలో గెలుస్తాను, డబ్బు పెట్టగానే ఓడిపోతాను. ఎందుకు?

లైసెన్స్ ఉన్న గేమ్ అయితే డెమోలోనూ అవే అవకాశాలు ఉండాలి. తేడా ఎక్కువగా మనలోనే ఉంటుంది. డెమోలో ఐదో కిక్ దాకా సరదాగా వెళ్తాం, పోయినవి గుర్తుపెట్టుకోం. డబ్బుతో ఆడేటప్పుడు ప్రతి ఓటమీ గుచ్చుకుంటుంది. లైసెన్స్ లేని సైట్లలో డెమోని కావాలని తేలిక చేసి పెట్టే అవకాశం కూడా ఉంది, అడిగే నాథుడు ఉండడు. నన్నడిగితే, గేమ్ మీద సరదా ఉన్నవాళ్లు డెమోలోనే ఆగిపోవడం మేలు. బంతి అదే, కీపర్ అదే, టెన్షన్ మాత్రం ఉండదు.

కీపర్ ఎటు దూకుతాడో ముందే చెప్పే యాప్‌లు పనిచేస్తాయా?

పనిచేయవు. నంబర్ పుట్టేది సర్వర్‌లో. సీడ్ ముందే ఉన్న గేమ్‌లో కూడా అది రహస్యంగానే ఉంటుంది. దాన్ని మీ ఫోన్‌లో ఉన్న యాప్ ముందే చూడలేదు. అలాంటి యాప్‌లలో చాలావరకు మీ పాస్‌వర్డ్, ఓటీపీ కొట్టేయడానికి వచ్చినవే. ఎటు కొట్టాలో చెబుతామనే సిగ్నల్ గ్రూపుల్లో పెట్టే గెలుపు స్క్రీన్‌షాట్లను నమ్మకండి. వాళ్లిచ్చిన లింక్‌తో మీరు చేరితే వాళ్లకి కమీషన్ వస్తుంది, కొన్నిచోట్ల మీరు ఓడిన డబ్బులోనే వాటా.

వెల్‌కమ్ బోనస్ తీసుకోవచ్చా?

షరతులు చదివాక మాత్రమే. 1,000 బోనస్, 35 రెట్లు వేజరింగ్ అంటే, విత్‌డ్రా చెయ్యాలంటే ముందు 35,000 విలువైన బెట్లు తిప్పాలి. 4 శాతం కోతతో సగటు నష్టం 1,400. వచ్చిన బోనస్ కంటే ఎక్కువ. పైగా గరిష్ఠ బెట్ పరిమితి, గడువు, ఇలాంటి గేమ్‌లని లెక్కలో పూర్తిగా కలపకపోవడం కూడా ఉంటాయి. బోనస్ వద్దు అనే బటన్ చాలా సైట్లలో ఉంటుంది, కాస్త వెతకాలి.

గెలిచిన డబ్బు విత్‌డ్రా అవ్వడం లేదు. ఏం చెయ్యాలి?

కేవైసీ పూర్తయిందా, బ్యాంక్ ఖాతా పేరు, గేమ్ ఖాతా పేరు ఒకటేనా చూడండి. ఆ రెండూ సరిగ్గా ఉండి కూడా ఆపితే సపోర్ట్‌కి రాతపూర్వకంగా అడిగి, స్క్రీన్‌షాట్లు దాచి, లైసెన్స్ ఇచ్చిన సంస్థకి ఫిర్యాదు చెయ్యండి. "టాక్స్ ముందు కట్టండి, అప్పుడు మీ డబ్బు వదులుతాం" అన్నారంటే అది మోసం. ఒక్క పైసా కూడా పంపకండి. పంపితే ఇంకో ఫీజు అడుగుతారు.

డబ్బు పెట్టి ఆడటం చట్టబద్ధమేనా?

మీరున్న చోటి చట్టాన్ని బట్టి ఉంటుంది. కొన్నిచోట్ల లైసెన్స్‌తో అనుమతి ఉంది, కొన్నిచోట్ల డబ్బుతో ఆడే ఆన్‌లైన్ గేమ్ పూర్తిగా నిషేధం. నిషేధం ఉన్నచోట, సైట్‌కి వేరే దేశం లైసెన్స్ ఉన్నా అది మీకు రక్షణ కాదు. ఉన్న చోటు దాచే వీపీఎన్ పెట్టుకుని ఆడితే గెలిచిన డబ్బు కూడా ఆపేసే హక్కు వాళ్ల షరతుల్లోనే రాసుకుని ఉంటారు. అనుమతి ఉన్నచోట కూడా 18 ఏళ్లు, కొన్నిచోట్ల 21 నిండాలి.

ఎంత డబ్బు పెట్టుకుని కూర్చోవాలి?

పోయినా రేపు ఉదయం ఏ ఖర్చూ ఆగకూడదు, అంత. మొత్తాన్ని, సమయాన్ని ఆడే ముందే తేల్చుకుని సైట్‌లో డిపాజిట్ లిమిట్ పెట్టేయండి. ఆట మధ్యలో తీసుకునే నిర్ణయాన్ని నమ్మకూడదు. కార్డు వివరాలు సేవ్ చెయ్యకండి, ఆటోప్లే ఆపేయండి. అప్పు తెచ్చిన డబ్బుతో ఒక్క కిక్ కూడా వద్దు.

పోయింది రాబట్టుకునేదాకా ఆగలేకపోతున్నాను. ఇది జబ్బా?

పోయినచోటే వెతుక్కోవాలి అని మనవాళ్లు అంటారు. వస్తువు పోతే సరే గానీ, జూదంలో ఆ మాట కొంపలు ముంచుతుంది. ధర్మరాజు రాజ్యం పోయాకైనా లేచి ఉంటే కథ వేరుగా ఉండేది. మా తమ్ముడు కూడా ఆ రాత్రి మొదట పోగొట్టుకున్నది చిన్న మొత్తమే. దాన్ని రాబట్టడానికి పెట్టిందే పెద్దది.

బెట్లు పెంచుకుంటూ పోవడం, ఇంట్లో అబద్ధం చెప్పడం, ఆపాలనుకుని ఆపలేకపోవడం, నిద్ర పాడవడం మీలో కనబడితే దాన్ని బలహీనత అని తిట్టుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ జూద వ్యసనాన్ని తన వ్యాధుల వర్గీకరణలో చేర్చింది. అమెరికా మానసిక వైద్యుల మాన్యువల్ 2013లో దీన్ని మద్యం, మాదకద్రవ్యాల వ్యసనాల సరసన పెట్టింది. చికిత్స ఉంది, కౌన్సెలింగ్‌తో బయటపడ్డవాళ్లు ఉన్నారు. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే ఈ రోజే ఎవరికో ఒకరికి చెప్పండి, ఒంటరిగా ఉండకండి. అప్పు ఎంతైనా తీర్చే దారి దొరుకుతుంది.

ఇంట్లో ఒకరు ఆడుతున్నారు. ఎలా మాట్లాడాలి?

ఓడిన వెంటనే మాట్లాడకండి, ఆ సమయంలో ఏం చెప్పినా తిట్టినట్టే వినిపిస్తుంది. మర్నాడు, ఇద్దరే ఉన్నప్పుడు, "ఎంత పోయింది?" అని కాకుండా "రాత్రి నిద్ర పట్టిందా?" అని మొదలుపెట్టండి. నేను మా తమ్ముడితో అలాగే మొదలుపెట్టాను. పది నిమిషాలు ఏమీ మాట్లాడలేదు, తర్వాత వాడే ఫోన్ తీసి బ్యాంక్ మెసేజ్‌లు చూపించాడు. ఇద్దరం కూర్చుని మొత్తం కాగితం మీద కూడాం. తాను అనుకున్న దానికి అది మూడింతలు ఉంది. ఒక్క పని చెయ్యకండి: వాళ్ల అప్పు మొత్తం ఒకేసారి చేతికి డబ్బిచ్చి తీర్చేయడం. కట్టాల్సినవాళ్లకి మీరే నేరుగా కట్టండి.

అకౌంట్ పూర్తిగా మూసేయడం ఎలా?

యాప్ తీసేస్తే అకౌంట్ పోదు. ముందు మిగిలిన బ్యాలెన్స్ విత్‌డ్రా చెయ్యండి. తర్వాత సెట్టింగ్స్‌లో రెస్పాన్సిబుల్ గేమింగ్ కింద సెల్ఫ్ ఎక్స్‌క్లూజన్ ఉంటుంది, వీలైనంత ఎక్కువ కాలం ఎంచుకోండి. అది కనబడకపోతే సపోర్ట్‌కి మెయిల్ రాసి, శాశ్వతంగా మూసేయమని, ప్రమోషన్ మెసేజ్‌లు ఆపమని అడగండి, జవాబు దాచుకోండి. జూదం సైట్లకి చెల్లింపులు ఆపే సదుపాయం మీ బ్యాంకులో ఉందేమో కనుక్కోండి. ఫోన్‌లో సైట్ బ్లాకర్ వేసి, దాని పాస్‌వర్డ్ ఇంట్లో మీరు నమ్మేవాళ్లని పెట్టమనండి. మా తమ్ముడి ఫోన్‌లో పాస్‌వర్డ్ మా అమ్మ పెట్టింది. అదేంటో నాకూ తెలియదు.